మధురవాణి కళ్లతో

తనది కాని బతుకును రచయిత రాయొచ్చా, రాస్తే చదివేవాళ్లు నమ్మేలా రాయగలడా అన్న ప్రశ్న తెలుగులో గట్టిగా వినిపించడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. 1993లో ‘నీలిమేఘాలు’, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ సంకలనాలు వచ్చాక, ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లూ దళితుల సంగతి దళితులూ రాసుకుంటే ఎంత తేడా ఉంటుందో పాఠకులు కళ్లారా చూశారు. అంతకుముందు వాళ్ల గురించి ఇతరులు రాసినదాంట్లో జాలి ఎంత, ఊహ ఎంత, తెలిసి రాసింది ఎంత అని నిలదీయడం కూడా అప్పుడే జోరందుకుంది. ఆ విమర్శ న్యాయమైనది. కథ రాసేవాళ్లెవరైనా దాన్ని మనసుకు పట్టించుకోవాల్సిందే. అయితే ఆ విమర్శ ముందు నిలబెట్టి చూసినా వన్నె తగ్గని పాత్ర ఒకటి మనకుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లో మధురవాణి. ఆమె మంచితనం మీదా చమత్కారం మీదా ఇప్పటికే చాలామంది చాలా రాశారు. నాకు ఆసక్తి ఆమెను మలచిన చేతి పని మీద. ఆ పనితనాన్ని కాస్త దగ్గరగా వెళ్లి చూద్దాం.

ముందు రచయితకీ పాత్రకీ మధ్య దూరం ఎంతో చూడాలి. గురజాడ 1862లో పుట్టిన నియోగి బ్రాహ్మణుడు. విజయనగరంలో చదువుకుని, అక్కడి కళాశాలలోనే పాఠాలు చెప్పి, సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేసినవాడు. ఇంగ్లీషు చదువు, సంస్కరణ చర్చలు, ఆనంద గజపతి మహారాజు కొలువు, ఇదీ ఆయన లోకం. మధురవాణి వేశ్య. చదువుకున్న పెద్దమనుషులు సభలు పెట్టి మరీ వెలివేస్తున్న మనిషి. వేశ్యల ఆటపాటలు జరిగే చోటికి ప్రభుత్వంలోని పెద్దలు వెళ్లకూడదని మద్రాసు సంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకీ విన్నపం పంపింది 1893లో. నాటకం తొలిసారి విజయనగరంలో ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. అంటే సంస్కర్తలందరూ ఏ మనిషికి ముఖం చాటేయాలని తీర్మానిస్తున్నారో, సంస్కరణ కోసమే రాసిన నాటకంలో గురజాడ ఆ మనిషినే నడిబొడ్డున నిలబెట్టాడు.

పైగా ఒక్కసారిగా నిలబెట్టలేదు. 1897 నాటి మొదటి కూర్పులో మధురవాణి ఉంది గానీ ఆమెకున్న చోటు తక్కువ. 1909లో ఆయన నాటకాన్ని దాదాపు తిరగరాసి ఏడంకాలుగా వెలువరించినప్పుడే ఆమె మనకు తెలిసిన మధురవాణి అయింది. మధ్యలో పన్నెండేళ్లు. మనది కాని జీవితాన్ని రాయడానికి పన్నెండేళ్లు పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. తిరిగి రాసేటప్పుడు కథను పట్టుకుని ముందుకు లాగే బలం ఒక్కొక్కటిగా ఆమె చేతిలోకి వెళ్లడం ఆ పనితనంలో మొదటి సంగతి.

గురజాడ దగ్గర కన్యాశుల్కం గురించి అంకెలున్నాయి. మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన బ్రాహ్మణ పెళ్లిళ్ల వివరాలు రాయించాడు. డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్లిళ్లు 1,034 లెక్కకొచ్చాయి. వాటిలో 99 మంది పిల్లలకు అయిదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు, ఆరుగురికి రెండేళ్లు, ముగ్గురికి ఒక్క ఏడాది. తొలి కూర్పు పీఠికలో ఆయన ఈ లెక్క చెప్పి ఊరుకోలేదు, ఏడాది పిల్లల వెల మూడున్నర వందల నుంచి నాలుగు వందల రూపాయలని కూడా రాశాడు. నాటకంలో ముసలివాడికి కట్టబెట్టబోయే పసిపిల్ల సుబ్బి పాత్ర వెనక ఇంత సాక్ష్యం ఉంది. మధురవాణి వెనక ఇలాంటి పట్టికేదీ లేదు. ఆమె గురించి ఎవరూ లెక్క రాయించలేదు. ఆమెను కేవలం వినికిడితో, చూపుతో, మనిషిగా తూచి చూడగల శక్తితో కట్టుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ ఆయన ఏం చేశాడు? మొదటి అంకంలో మధురవాణి ఇంటి దృశ్యం తెరిచి చూడండి. రామప్పంతులు ఆమెను తన ఊరికి తీసుకుపోవడానికి వచ్చి ఉన్నాడు. అంతవరకూ ఆమెను ఉంచుకున్న గిరీశం తలుపు తడతాడు. రామప్పంతులు మంచం కింద దూరతాడు. గిరీశం కబుర్లు చెబుతుండగా పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. ఇప్పుడు గిరీశం కూడా ఆ మంచం కిందే దూరతాడు. చివరికి చీపురు దెబ్బ తినేది రామప్పంతులు, తప్పించుకునేది గిరీశం. చూసేవాళ్లు పగలబడి నవ్వే ఘట్టం ఇది. ఆ నవ్వు సద్దుమణిగాక ఒక సంగతి గమనించాలి. ఆ గదిలో ఎవరికి ఎంత తెలుసు? రామప్పంతులికి సగం తెలుసు. గిరీశానికి, మంచం కింద దూరేదాకా, అంతకన్నా తక్కువ తెలుసు. పూటకూళ్లమ్మకు తన కోపం ఒక్కటే తెలుసు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు ఎవరికి భయపడుతున్నారో, ఎవరి డబ్బు ఎవరి చేతికి వచ్చిందో మొత్తం తెలిసింది ఒక్క మధురవాణికే.

తనకన్నా భిన్నమైన మనిషిని రాసేటప్పుడు చాలామంది ఆ మనిషికి కష్టాలు ఇస్తారు, కన్నీళ్లు ఇస్తారు, చివర్లో ఒక గొప్ప ఉపన్యాసం ఇస్తారు. గురజాడ మధురవాణికి ఇచ్చింది ఎరుక. రంగం మీద ఎప్పుడు నిలబడ్డా ఆ చోట అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆమే. ఆ తెలివిని ఆమె చేత గొప్పగా చెప్పించలేదు. ఎవరు ఎక్కడ నక్కారన్న అమరికలోనే చూపించాడు. ఇద్దరు మగవాళ్లూ, అందులో ఒకడు ఇంగ్లీషు చదివినవాడు, ఆమె మంచం కింద నేల మీద ఉన్నారు. రచయిత తన సాటివాళ్లను అక్కడ కూర్చోబెట్టి, తన చూపును ఆమె నిలబడ్డ చోట పెట్టాడు.

ఇక కంటె సంగతి. నా దృష్టిలో ఈ నాటకంలో అందరికన్నా బాగా నటించే వస్తువు అదే. కరటక శాస్త్రి తన మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లు పాలబడకుండా తప్పించడానికి శిష్యుడికి ఆడవేషం వేసి తెస్తాడు. ఆ దొంగపెళ్లి జరగాలంటే పెళ్లికూతురి మెడలోకి నగ కావాలి. మధురవాణి తన కంటె రామప్పంతులి చేతికి ఎరువిస్తుంది. పెళ్లయ్యాక ‘పెళ్లికూతురు’ మాయమవుతుంది, కంటె కూడా మాయమవుతుంది. నిజానికి అది గుట్టుగా ఆమె చేతికే తిరిగి చేరుతుంది. ఆ సంగతి రామప్పంతులికి తెలీదు. కంటె తెచ్చిస్తే గాని గడప తొక్కనివ్వనని ఆమె అతన్ని బయట నిలబెడుతుంది. ఊరందరికీ పేచీలు పెట్టి పబ్బం గడుపుకునే మనిషికి, ఒక ఆడదాని నగ కోసం ఇంటింటికీ తిరగాల్సిన గతి పడుతుంది.

ఇక్కడ గురజాడకు తెలిసిన విషయం ఏమిటో చూడండి. వేశ్యకు నగ అంటే అలంకారం ఒక్కటే కాదు. ఆమెకు పొలం లేదు, పింఛను లేదు, కోర్టుకెళ్లి భరణం అడిగే హక్కు లేదు. వయసు మీరాక తినాల్సింది ఆ బంగారాన్నే. అందుకే ఆమె దాన్ని చేతులు మార్చేటప్పుడు ఎవరి పూచీ మీద ఇస్తున్నదో, తిరిగి రాకపోతే ఎవరి మెడకు చుట్టుకోవాలో ముందే చూసుకుంటుంది. ఒక మామూలు సంస్కర్త చేతిలో పడితే ఆ నగ పాపపు సొమ్ముకు గుర్తు అయ్యేది. చివర్లో ఆమె దాన్ని తీసి విసిరేసేది కూడా. గురజాడ దాన్ని పనిముట్టుగా చూశాడు. ఆ పనిముట్టు ఆమె వృత్తిలోంచి వచ్చింది, దాన్ని తిప్పే ఒడుపూ ఆ వృత్తిలోంచే వచ్చింది. ఒక పసిపిల్లను కాపాడే మంచిపని చేయడానికి ఆమె తన వృత్తిని వదులుకోనక్కరలేకపోయింది. ఆ వృత్తి నేర్పిన తెలివితోనే ఆ పని చేసింది. పాత్ర మీద నమ్మకం కుదిరేది ఇలాంటి చోటే.

కరటక శాస్త్రి సాయం అడిగినప్పుడు ఆమె ప్రతిఫలం మాటను ఎలా తీసుకుంటుందో అదీ చూడదగ్గది. వేశ్య అయినంత మాత్రాన దయ లేనిదాన్నా అన్నట్టు ఆమె నొచ్చుకుంటుంది. ఆ నొప్పిని గురజాడ రెండు మాటల్లో ముగించి వెంటనే పనిలోకి దిగుతాడు. అక్కడ ఇంకో పేజీ రాయొచ్చు. చాలామందికి రాయాలనిపిస్తుంది కూడా. తన పుట్టుక ఎలాంటిదో, ఎన్ని అవమానాలు పడిందో, ఎవరు మోసం చేశారో ఆమె చేత చెప్పించవచ్చు. నాటకమంతా వెతికినా అలాంటి గోడు కనిపించదు. దయనీయమైన గతం చూపించి ఆమెకు మన దగ్గర మార్కులు వేయించే ప్రయత్నం ఆయన చేయలేదు. ఈ ఆపుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. కష్టం చెప్పుకుంటే తప్ప మనిషిగా ఒప్పుకోని పాఠకుడి కోసం ఆయన రాయలేదు.

ఆమె మాట తీరును వరసగా వింటూ పోతే ఇంకో పనితనం బయటపడుతుంది. గిరీశంతో ఆమె మాటల్లో ఎకసెక్కం ఉంటుంది, అతని గొప్పలు తనకు తెలుసన్న సూచన ఉంటుంది. రామప్పంతులితో పొగడ్త ఉంటుంది, అయితే ఆ పొగడ్తను తిప్పి చూస్తే తిట్టు. అతను పై మాట విని మురిసిపోతాడు, మనం లోపలి మాట విని నవ్వుతాం. కరటక శాస్త్రి విజయనగరం నుంచీ తెలిసినవాడు, కళ తెలిసినవాడు. అతనితో ఆమె సూటిగా, సమానంగా మాట్లాడుతుంది. పోలిశెట్టి వగైరాలు చేరి పేకాడే ఘట్టంలో ఆమె ఆ ఊరి మగవాళ్ల చాదస్తాల మధ్య హాయిగా, చనువుగా మసలుతుంది. విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులి ముందు మాటలో నిగ్రహం వస్తుంది, వాదన వస్తుంది. ఒక మనిషికి ఇన్ని గొంతులా అనిపించదు, ఎందుకంటే ఎదుటివాడిని బట్టి మాట మార్చడం ఆమె బతుకుతెరువు. అంటే రచయిత ఆమె కోసం ఒక ‘వేశ్య భాష’ కల్పించలేదు. ఎవరితో ఎలా మాట్లాడితే పని జరుగుతుందో తెలిసిన మనిషిని కల్పించాడు. ఒక సముదాయం మనిషిని రాస్తున్నామనగానే ఆ సముదాయానిదని మనం అనుకునే యాస నాలుగు మాటలు చల్లి ఊరుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. యాస ఒక్కటే మనిషిని నిలబెట్టదు. ఒకే మనిషి నలుగురితో నాలుగు రకాలుగా మాట్లాడినప్పుడు, ఆ నాలుగింటి మధ్యా మనకు ఆ మనిషి కనిపిస్తాడు.

ఇన్నీ ఒక ఎత్తు, ఏడో అంకం ఒక ఎత్తు. సౌజన్యారావు పంతులు నాటకంలో గురజాడ ఆశయాలకు దగ్గరగా ఉన్న మనిషి. వకీలు, నిజాయితీపరుడు, సంస్కర్త. వేశ్యల ముఖం చూడనని వ్రతం పట్టినవాడు. చేయని హత్య నేరంలో ఇరుక్కున్న లుబ్ధావధాన్లును ఎలా బయటపడేయాలో తెలీక తలపట్టుకున్నాడు. మాయమైన పెళ్లికూతురు అసలు ఆడపిల్లే కాదన్న రహస్యం మధురవాణి దగ్గర ఉంది. ఆమెగా వెళ్తే తలుపు తెరవడు కాబట్టి మగవేషంలో వెళ్తుంది.

ఆ ఏర్పాటులోనే సగం వాదన ఉంది. అతని నియమం చర్మానికీ బట్టకూ సంబంధించినదే తప్ప మనిషికి సంబంధించినది కాదని, ఆమె నోరు తెరవక ముందే వేషం చెప్పేసింది. తర్వాత ఆమె అతనికి ప్రశ్నలు వేస్తుంది. రహస్యానికి వెలగా ఒక ముద్దు అడుగుతుంది. తన వ్రతమా, ఒక ముసలివాడి ప్రాణమా అని సంస్కర్త తేల్చుకోవాల్సిన పరిస్థితి తెచ్చి నిలబెడుతుంది. చివరికి ఆ ముద్దు ఆమె పుచ్చుకోదు. చెడనివాళ్లను చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది. అతను ఆమెకు భగవద్గీత ఇస్తాడు. గిరీశం బండారం కూడా ఆమె మూలంగానే బయటపడి, సుబ్బి అక్క, వితంతువైన బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే నిర్ణయం జరుగుతుంది.

ఈ దృశ్యాన్ని కొందరు మధురవాణి మారిపోవడంగా చదువుతారు. గీత చేతికిచ్చి గురజాడ ఆమెను చక్కదిద్దాడని, అక్కడ రచయితలోని సంస్కర్త పాత్రను గెలిచాడని అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ పుస్తకం అక్కడికి రావడం ఆ కాలపు మర్యాదకు చెల్లించిన సుంకమే అనిపిస్తుంది నాకు కూడా. కానీ ఆ గదిలో పరీక్ష రాసింది ఎవరు, పేపరు దిద్దింది ఎవరు అని అడిగితే జవాబు స్పష్టం. వెల పెట్టింది ఆమె, వదులుకుంది ఆమె. వదులుకోవడానికి చూపిన కారణం అతని ఉపదేశంలోంచి రాలేదు, తన తల్లి మాటలోంచి వచ్చింది. వేశ్య అయిన తల్లికి ఒక నీతి ఉంది, ఆ నీతి కూతురికి అందింది, అది సంస్కర్త నియమం కన్నా లోతైనది. ఈ మూడు సంగతులనూ ఒక్క వాక్యంలో ఇరికించగలిగాడు గురజాడ.

నాకు ఈ నాటకంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. మనకన్నా వేరైన మనిషిని రాసేటప్పుడు మన చూపుతో ఆ మనిషిని కొలవడం తేలిక. ఆ మనిషి చూపుతో మనల్ని కొలవనివ్వడం కష్టం. గురజాడ తనకు అత్యంత ఇష్టమైన ఆశయాలు గల మనిషిని తీసుకొచ్చి మధురవాణి ముందు కూర్చోబెట్టి, నువ్వే చూసి చెప్పు అన్నాడు. తాను నమ్మినదానికి దెబ్బ తగులుతుందని తెలిసీ అన్నాడు. ఆ ధైర్యం లేకపోతే మధురవాణి సరసమైన పక్క పాత్రగా మిగిలిపోయేది.

ఆ రోజుల్లో నాటకాల్లో ఆడవేషాలు మామూలుగా మగవాళ్లే కట్టేవారు. అంటే ఏడో అంకంలో మధురవాణి రంగం మీదికి వచ్చినప్పుడు ప్రేక్షకులు చూసేది ఆడదానిగా వేషం కట్టిన మగవాడు మళ్లీ మగవేషం కట్టి రావడాన్ని. స్థానం నరసింహారావు ఈ పాత్ర కట్టి పేరు తెచ్చుకున్నాడు. సత్యభామగా తెలుగు దేశాన్ని ఊపేసిన ఆ నటుడికి చీర కట్టు, కొప్పు, నడక అన్నీ సాధనతో వచ్చినవే. ఆయన తన విద్య గురించి ‘నటస్థానం’ అని పుస్తకమే రాశాడు. 1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో సావిత్రి మధురవాణి అయ్యాక ఆ పాత్రకు ఇంకో శరీరం వచ్చింది. ఒక మగ రచయిత రాసి, మగ నటులు ఆడి నిలబెట్టిన ఆడమనిషిలోకి ఒక నటి అంత సులువుగా ప్రవేశించగలిగిందంటే, మొదటి కొలతల్లో పొరపాటు జరగలేదన్నమాట.

మధురవాణి తర్వాత ఆ ఉత్తరాంధ్ర నేల మీదే ఈ పద్ధతి పట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. విజయనగరం చాసో ‘ఎంపు’ కథ చూడండి. బిచ్చగాళ్ల కుటుంబంలో పిల్ల పెళ్లి మాట. పిల్ల మనసు కుంటివాడి మీద. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు, ఎందుకంటే గుడ్డివాడికి బిచ్చం బాగా రాలుతుంది. చాగంటి సోమయాజులు బిచ్చమెత్తి బతికినవాడు కాడు. అయినా ఆ తండ్రి మాటలో ఎక్కడా తప్పటడుగు పడదు. కారణం, ఆ కథలో బిచ్చం ఒక వృత్తి. దానికి రాబడి ఉంది, పెట్టుబడి ఉంది, ముందుచూపు ఉంది. మధ్యతరగతి తండ్రి అల్లుడి జీతం అడిగినట్టే ఈ తండ్రి కూడా అడుగుతున్నాడు. చాసో జాలి పడలేదు కాబట్టే మనం ఆ తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినగలుగుతున్నాం.

విశాఖపట్నం వకీలు రాచకొండ విశ్వనాథ శాస్త్రి ఇంకో అడుగు ముందుకు వేశాడు. ‘ఆరు సారా కథలు’లో ‘మాయ’ అనే కథ ఉంది. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ఒక కుర్ర వకీలుకు లోకం ఎలా నడుస్తుందో చెబుతుంది. పోలీసులు, కోర్టులు, ప్లీడర్లు, అందరూ ఎలా అమ్ముడుపోతారో ఆమెకు తెలిసినంతగా ఆ కుర్రవాడికి తెలీదు. రావిశాస్త్రి స్వయంగా వకీలు అని గుర్తుంచుకుని చదివితే ఆ కథ బరువు రెట్టింపవుతుంది. రోజూ తాను నల్లకోటు వేసుకుని వెళ్లే కోర్టు గురించి, బోనులో నిలబడే మనిషి చేత తీర్పు చెప్పించాడు. సౌజన్యారావును మధురవాణి ముందు కూర్చోబెట్టిన పనే ఇది. చోటు మారింది, యాస మారింది.

ఈ వెలుగులో ‘మాలపల్లి’ చదివితే దాని బలమూ, బలహీనతా రెండూ కనిపిస్తాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు 1922లో జైల్లో ఉండగా రాసిన ఆ నవల అప్పటికి ఎవరూ చేయని సాహసం. మాల కుటుంబాన్ని నవల మధ్యలో పెట్టాడు, ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కూలి గురించిన పేచీలు, సంగదాసు చావు, వెంకటదాసు తిరుగుబాటు చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ వాళ్ల తండ్రి రామదాసు దగ్గరికి వచ్చేసరికి రచయిత భక్తి అడ్డం వస్తుంది. ఆ పెద్దాయన ఎంత జ్ఞాని అంటే, ఎంత ఓర్పు గలవాడంటే, మనం ఆయనకు దండం పెట్టి పక్కకు తప్పుకుంటాం. ఉన్నవ ఆయన్ను ఎంతో ప్రేమించాడు. ప్రేమించి తన వేదాంతమంతా ఆయనకు ఇచ్చాడు. ఆ వేదాంతం ఇచ్చిన మేరకు రామదాసు సొంత మాట తగ్గింది. ద్వేషంతో రాసినదానికన్నా ఇది వెయ్యి రెట్లు మేలు, సందేహం లేదు. అయినా ఎత్తైన పీట మీద కూర్చోబెట్టిన మనిషి రచయితకు ఎదురు ప్రశ్న వేయలేడు.

మధురవాణిలో మాత్రం లోటు లేదా? ఉంది, దాన్ని దాచి పొగడటం ఆమెకు మర్యాద కాదు. నాటకమంతా చూడండి, ఆమె దాదాపు ఎప్పుడూ మగవాళ్ల మధ్యే ఉంటుంది. తల్లి మాట వినిపిస్తుంది గానీ తల్లి రంగం మీదికి రాదు. పాట నేర్పినవాళ్లెవరో, ఆమెతో కలిసి పెరిగినవాళ్లెవరో, జబ్బు చేస్తే గంజి కాచి పోసేదెవరో మనకు తెలీదు. వేశ్యా కుటుంబాల్లో ఆస్తి, విద్య, ఇంటి పెత్తనం ఆడవాళ్ల వరసలో నడిచేవి. ఆ ఇంటి లోపల ఆడవాళ్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకునేవారో గురజాడ వినలేదు. ఆయనకు ఆ ఇంటి ముందు గది తెలుసు, మగవాడు వచ్చి కూర్చునే గది. ఆ గదిని మాత్రం ఆయనలా ఎవరూ రాయలేదు. తెలీని గదిలోకి తెలిసినట్టు దూరిపోకపోవడం కూడా ఆయన పనితనంలో భాగమే అంటాను. ఊహించి రాసి ఉంటే అక్కడ అబద్ధం దొర్లేది. తల్లిని ఒక్క మాటగా తెచ్చి, అంతటితో ఆగాడు.

ఆ లోపలి గది తలుపు తెరిచింది ఆ ఇళ్లలోంచి వచ్చిన మనుషులే. కన్యాశుల్కం రెండో కూర్పు వచ్చిన మరుసటి ఏడాది, 1910లో, బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను పూర్తి రూపంలో అచ్చు వేయించింది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ముద్దుపళని తన కావ్యం మొదట్లో తనకు ముందున్న ఆడవాళ్ల పేర్లు చెప్పుకుంది, మగకవులు తండ్రినీ తాతనూ చెప్పుకున్నట్టే. కవుల చరిత్ర రాసిన వీరేశలింగం ఆ కావ్యంలోని శృంగారాన్ని తప్పుపట్టాడు. నాగరత్నమ్మ స్వయంగా వేశ్యా కుటుంబంలో పుట్టి, సంగీతంతో కీర్తి సంపాదించిన విదుషి. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని పీఠికలో ఆయన్ను నిలదీసింది. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో గాని ఆ నిషేధం తొలగలేదు.

మగవేషంలో వెళ్లి సౌజన్యారావును ప్రశ్నించిన మధురవాణినీ, సొంత పేరుతో అచ్చులో వీరేశలింగాన్ని ప్రశ్నించిన నాగరత్నమ్మనూ పక్కపక్కన పెట్టి చదవాలని కథలు రాసే కుర్రవాళ్లకు చెబుతుంటాను. బయట నుంచి చూసి రాసిన మనిషికి ఎంత అందిందో, ఎంత అందలేదో నాగరత్నమ్మ పీఠికా, ఆ ఏడో అంకమూ కలిపి చదివితే తెలిసిపోతుంది. కన్యాశుల్కం రెండు కూర్పులూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ముందు 1897 నాటిది చదివి, తర్వాత 1909 నాటిది తెరిచి, మధురవాణి ఉన్న దృశ్యాలు మాత్రం వరసగా పోల్చి చూడండి. ఎక్కడ ఆమెకు కొత్తగా మాట వచ్చింది, ఎక్కడ ఎదుటివాడి మాట తగ్గింది, ఎక్కడ నిర్ణయం ఆమె చేతికి మారింది అని గుర్తులు పెట్టుకుంటూ చదవండి.